దాసి కూతురికి దేశమంతా సెలవు

ఐర్లండ్‌లో ఏటా ఫిబ్రవరి మొదటి సోమవారం ఆఫీసులకూ, బ్యాంకులకూ, స్కూళ్ళకూ సెలవు. ఫిబ్రవరి 1వ తేదీ శుక్రవారం నాడు వస్తే మాత్రం ఆ శుక్రవారమే సెలవు ఇస్తారు. ఇదేమీ పాత సెలవు కాదు, 2023లోనే మొదలైంది. ఆ దేశంలో ఒక స్త్రీ పేరిట ఇచ్చిన మొట్టమొదటి జాతీయ సెలవుదినం ఇదే. ఇంతకీ ఆ స్త్రీ రాణీ కాదు, యుద్ధాలు గెలిచిన వీరనారీ కాదు. ఓ దాసి కడుపున పుట్టిన పిల్ల. పేరు బ్రిజిడ్. ఆమె కన్నుమూసి పదిహేను వందల ఏళ్ళయింది.

సెయింట్ పాట్రిక్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మార్చి 17న ఆకుపచ్చ బట్టలు వేసుకుని ఊరేగింపులు తీస్తారే, ఆ పండుగ ఆయనదే. ఆయన పండుగకు 1903లోనే సెలవు ఇచ్చేశారు. ఐర్లండ్‌ను కాపాడే పుణ్యాత్ములుగా అక్కడివాళ్ళు ముగ్గురిని కొలుస్తారు. పాట్రిక్, కొలంబా అనే ఇద్దరు మగవాళ్ళు, బ్రిజిడ్ అనే ఒక్క ఆడది. ఆ ఒక్క ఆడదానికి సెలవు రావడానికి, పాట్రిక్ తర్వాత సరిగ్గా 120 ఏళ్ళు పట్టింది.

అలాగని అన్నేళ్ళూ ఆమె పండుగ జరగలేదనుకునేరు! జరుగుతూనే ఉంది. వంటింట్లో, గడప దగ్గర, పశువుల కొట్టంలో, ఊటబావి గట్టున జరిగింది. సర్కారు గుర్తించినా గుర్తించకపోయినా ఆడవాళ్ళు దాన్ని వదిలిపెట్టలేదు.

నాకు ఐర్లండ్ అనగానే మొదట గుర్తొచ్చేది మార్గరెట్ కజిన్స్. ఆ దేశంలో పుట్టి, మన మదనపల్లెకు వచ్చి, 1919లో రవీంద్రుడు అక్కడ బస చేసినప్పుడు జనగణమన బాణీకి స్వరాలు రాసిపెట్టింది ఆవిడే. ఆవిడ పుట్టిన దేశంలోనే మా అమ్మాయి కాపురం పెట్టింది. దాని రెండో కాన్పుకని ఓ చలికాలం వెళ్ళి ఆరు నెలలున్నాను. అప్పుడు పక్కింటి పెద్దావిడ దగ్గర విన్నవీ, తర్వాత ఆసక్తి పుట్టి చదివినవీ కలిపి మీకు ఈ బ్రిజిడ్ కథ చెబుతున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఆమె జీవితాన్ని మొదటిసారి గ్రంథంగా రాసింది ఆమె పోయిన వందేళ్ళకు పైన. అందుకని నిజమూ, జనం చెప్పుకునే కథా పాలూ నీళ్ళలా కలిసిపోయాయి. నేను అట అన్నచోటల్లా అది జనం నోటి మాట అని అనుకోండి.

గడప మీద పుట్టిన పిల్ల

బ్రిజిడ్ సుమారు 451లో, ఇప్పటి లౌత్ కౌంటీలో డండాక్ పట్నానికి దగ్గరున్న ఫాహర్ట్‌లో పుట్టిందని చెబుతారు. తండ్రి డుఫాక్ లెన్‌స్టర్ ప్రాంతంలో ఓ చిన్న నాయకుడు. తల్లి బ్రోకా ఆ ఇంట్లో దాసి. అంటే అతనికి పెళ్ళాం కాదు, అతని సొమ్ము. కట్టుకున్న భార్యకు ఈ సంగతి నచ్చలేదు. ఎవరికి నచ్చుతుంది? కడుపుతో ఉన్న బ్రోకాను అమ్మేయమని పట్టుబట్టింది. అమ్మేశారు. చివరికి ఆమె ఓ డ్రూయిడ్ ఇంటికి చేరింది. డ్రూయిడ్లంటే క్రైస్తవం రాకముందు అక్కడ పూజలూ జోస్యాలూ నడిపిన పెద్దలు.

ఓ తెల్లవారుజామున బ్రోకా పాలు పితుక్కుని పాలకుండతో ఇంట్లోకి వస్తోందట. ఒక కాలు గడప లోపల, ఒక కాలు గడప బయట ఉండగా నొప్పులు వచ్చి అక్కడే పిల్ల పుట్టిందట. సరిగ్గా సూర్యుడు పొడిచే వేళ. అటు రాత్రీ కాదు, ఇటు పగలూ కాదు. ఇల్లూ కాదు, వీధీ కాదు. దాసిపిల్లా, నాయకుడి కూతురా అంటే రెండూను. ఆ కాలపు వాళ్ళు ఆమె పుట్టుకను ఇలా గడప మీద పెట్టి చెప్పుకోవడంలో ఎంత అర్థం ఉందో చూడండి.

పిల్ల పసితనంలో డ్రూయిడ్ ఇంటి తిండి ఒంటబట్టక కక్కేసేదట. తెల్లటి ఒళ్ళూ ఎర్రటి చెవులూ ఉన్న ఆవు పాలు పట్టాకే నిలదొక్కుకుందట. అప్పటినుంచీ ఇప్పటివరకూ బ్రిజిడ్ బొమ్మ ఎక్కడ గీసినా, చెక్కినా పక్కన చాలాసార్లు ఆవు ఉంటుంది.

వెన్న ఇచ్చి తల్లిని విడిపించింది

కాస్త పెద్దదయ్యాక బ్రిజిడ్‌ను తండ్రి తన ఇంటికి తెచ్చుకున్నాడు. కూతురిగానా అంటే పేరుకే. పందులు కాయడం, వంట, పిండి విసరడం అన్నీ ఆమె పనే. కొన్నాళ్ళకు తల్లికి కళ్ళు బాగాలేవనీ, ఒంటరిగా పాడి పని చేయలేకపోతోందనీ కబురు తెలిసింది. వెళ్తానంటే తండ్రి ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా వెళ్ళింది.

అక్కడ పన్నెండు ఆవుల పాడి. తల్లి బదులు తను చిలికి వెన్న తీసేది. తీసిన వెన్నను యేసు శిష్యుల పేరు చెప్పి పన్నెండు ముద్దలు చేసేదట. యేసు పేరున పదమూడో ముద్ద ఇంకాస్త పెద్దది చేసేదట. ఆ పదమూడో ముద్ద గుమ్మంలోకి వచ్చిన పేదవాళ్ళకు. రానురాను మిగతావీ వాళ్ళకే పోయేవి. సంగతి తెలిసి యజమానీ అతని భార్యా పెద్ద బుట్ట పట్టుకుని లెక్క చూసుకోవడానికి వచ్చారు. లోపల ఉన్నదేమో ఒక్క చిలుకు వెన్న, ఇంకో సగం. బ్రిజిడ్ లోపలికి వెళ్ళి దేవుణ్ణి తలుచుకుని, ఉన్నది కాస్త కాస్త తెచ్చి బుట్టలో వేస్తూ పోయిందట. బుట్ట నిండేదాకా వెన్న తరగలేదట.

యజమాని మెచ్చి, ఆ వెన్నా, ఆవులూ నువ్వే తీసుకో అన్నాడు. ఆవులు నాకెందుకు, మా అమ్మను వదిలిపెట్టు అని అడిగింది. అతను తల్లిని విడిచిపెట్టాడు. ఆవులు కూడా ఇచ్చాడు. ఆ ఆవుల్ని బ్రిజిడ్ అక్కడికక్కడే బీదసాదలకు పంచేసి, తల్లిని వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఈ కథలో మహిమ సంగతి పక్కన పెడదాం. ఓ అమ్మాయికి వరం కోరుకునే అవకాశం వస్తే తల్లికి స్వేచ్ఛ కోరింది. నాకు ఆమె అక్కడే నచ్చేసింది.

తండ్రి అమ్మబోతే...

ఇంట్లో ఉన్న బియ్యమో, బెల్లమో పేదవాళ్ళకు పెట్టే పిల్లల్ని మనం చూస్తుంటాం. బ్రిజిడ్ అంతటితో ఆగే రకం కాదు. చేతికి ఏది దొరికితే అది ఇచ్చేసేది. తండ్రికి విసుగెత్తింది. ఈ పిల్లను రాజుగారికి అమ్మేస్తే ఆయన ఇంట్లో పిండి విసురుకుంటుంది, నా ఇల్లు నిలుస్తుంది అనుకున్నాడు. బండిలో కూర్చోబెట్టుకుని లెన్‌స్టర్ రాజు కోటకు తీసుకెళ్ళాడు. కత్తితో రాజు ముందుకు వెళ్ళకూడదు కాబట్టి దాన్ని బండిలో వదిలి లోపలికి వెళ్ళాడు. అది రాజే బహూకరించిన విలువైన కత్తి.

ఈలోగా ఓ కుష్ఠురోగి వచ్చి బ్రిజిడ్‌ను చేయి చాపాడు. ఆమె దగ్గర ఇంకేముంది? కత్తి ఇచ్చేసింది!

తండ్రి తిరిగొచ్చి చూసి మండిపడ్డాడు. రాజు ఆమెను పిలిపించి, కన్నతండ్రి సొత్తే ఇచ్చేసేదానివి, నా సొత్తు మిగలనిస్తావా అని అడిగాడట. మీ రాజ్యమంతా నా చేతిలో ఉన్నా దేవుడి పేరున ఇచ్చేస్తానని ఆమె తడుముకోకుండా చెప్పిందట. ఈ పిల్లకు వెల కట్టడం మన తరం కాదని రాజు బేరం మానుకున్నాడు. ఆమెకు దాస్యం నుంచి విముక్తి దొరికింది.

తర్వాత వచ్చింది అసలు చిక్కు. పెళ్ళి. ఆ కాలంలో అక్కడ మగపెళ్ళివారే ఆడపిల్ల ఇంటికి సొమ్ము ఇచ్చేవారు. మన గురజాడవారి మాటలో చెప్పాలంటే కన్యాశుల్కం. ఈమె పెళ్ళి వద్దు, దేవుడి సేవలో ఉంటానంటే ఆ సొమ్ము పోతుందని అన్నదమ్ములకు మంట. అంత అందమైన కన్ను ఉన్నదానివి ఎవరో ఒకడి పక్కన చేరక తప్పుతుందా అని ఒకడు ఎగతాళి చేశాడట. బ్రిజిడ్ వేలితో తన కన్ను తనే పొడుచుకుందట. ఇక ఎవరూ పెళ్ళి మాట ఎత్తలేదు. తర్వాత ఆ కన్ను నయమైందని కథ చెబుతుంది. వినడానికి ఒళ్ళు జలదరిస్తుంది. కానీ నాకు పెళ్ళి వద్దు అని ఓ ఆడపిల్ల మామూలుగా చెబితే వినే దిక్కు లేని కాలం అది.

శాలువా పరిచినంత మేర

సన్యాసం పుచ్చుకున్నాక ఆమె కొందరు ఆడవాళ్ళను కూడగట్టి మఠం పెట్టాలనుకుంది. స్థలం కోసం రాజును అడిగితే ఆయన ఇవ్వనన్నాడు. పోనీ నా శాలువా పరిచినంత మేర ఇవ్వమంది. అదెంత అని ఆయన నవ్వి సరేనన్నాడు. నలుగురు అమ్మాయిలు శాలువా నాలుగు కొసలూ పట్టుకుని నాలుగు దిక్కులకూ పరుగెత్తారట. శాలువా సాగుతూ, సాగుతూ మైదానమంతా కప్పేసిందట!

వామనుడి మూడడుగుల కథ తెలిసిన మనకు ఈ కథ వెంటనే అర్థమైపోతుంది. ఆ మైదానం ఇప్పటికీ ఉంది. పేరు కరా. సుమారు ఐదు వేల ఎకరాల పచ్చిక బయలు. గొర్రెలు మేస్తుంటాయి, ఏటా ఐరిష్ డెర్బీ గుర్రప్పందేలు జరుగుతాయి. అక్కడి ఏ పిల్లాణ్ణడిగినా ఇది బ్రిజిడ్ శాలువా అని చెబుతాడు.

ఆమె మఠం పెట్టిన చోటు కిల్డేర్. ఆ మాటకు సింధూర చెట్టు దగ్గరి గుడి అని అర్థం. 480 ప్రాంతంలో కట్టిందంటారు. అది ఆడవాళ్ళకే కాదు, మగవాళ్ళకూ మఠమే. ఇద్దరూ వేరువేరుగా ఉంటూ ఒకే గుడిలో ప్రార్థన చేసేవారు. మధ్యలో చెక్కతడక ఉండేది. కాన్లెత్ అనే ఆయన్ని బిషప్‌గా ఆమే పిలిపించుకుంది. ఆయన లోహపు పనిలో నేర్పరి. అయితే మఠానికి పెద్ద దిక్కు మాత్రం బ్రిజిడే. ఆమె తర్వాత కూడా వందల ఏళ్ళు అక్కడ మఠాధిపతిగా ఆడది కూర్చుంది. ఆమె మాట రాజులూ, బిషప్పులూ వినాల్సి వచ్చేది. బ్రిజిడ్‌కు సన్యాసం ఇచ్చే ముసలి బిషప్ పరవశంలో పొరపాటున బిషప్‌ను చేసే మంత్రం చదివేశాడని ఓ పాత కథ ఉంది. ఆడదానికి అంత అధికారం ఎలా వచ్చిందో చెప్పడానికి జనానికి ఓ కథ కావాల్సి వచ్చింది కాబోలు.

650 ప్రాంతంలో కోగిటోసస్ అనే సన్యాసి ఆమె చరిత్ర రాశాడు. అప్పటికి కిల్డేర్ పెద్ద పట్నంలా ఉందనీ, గుడిలో బ్రిజిడ్, కాన్లెత్‌ల సమాధులు వెండిబంగారాలతో మెరిసేవనీ రాశాడు. బ్రిజిడ్ సుమారు 525లో కన్నుమూసిందని అంచనా. తర్వాత వైకింగుల దాడులకు భయపడి ఆమె అస్థికలను ఉత్తరాన డౌన్‌పాట్రిక్‌కు తరలించి, పాట్రిక్ పక్కన పెట్టారని నమ్ముతారు.

పంతొమ్మిది మంది కాచిన నిప్పు

కిల్డేర్‌లో ఓ అఖండాగ్ని ఉండేది. 12వ శతాబ్దం చివర్లో వేల్స్ దేశపు జెరాల్డ్ అనే మతగురువు అక్కడికి వెళ్ళి దాని గురించి రాశాడు. పంతొమ్మిది మంది సన్యాసినులు వంతులు వేసుకుని రోజుకొకరు నిప్పు కాచేవారట. ఇరవయ్యో రాత్రి కట్టెలు అక్కడ పెట్టి, ఈ రాత్రి నీ వంతు అని బ్రిజిడ్‌కు అప్పగించి వెళ్ళిపోయేవారట. తెల్లవారేసరికి నిప్పు వెలుగుతూనే ఉండేదట. చుట్టూ కంచె. మగవాడు దాటకూడదు. ఆమె పోయి అప్పటికే ఆరు వందల ఏళ్ళు దాటినా పని వంతుల్లో ఆమె పేరు కూడా ఉండేదన్న మాట!

ఆ నిప్పుకూ, ఆ అధికారానికీ కష్టకాలం రాకపోలేదు. 1132లో డెర్మట్ మక్‌మరో అనే లెన్‌స్టర్ రాజు కిల్డేర్ మీద పడ్డాడు. మఠాధిపతిని ఎత్తుకుపోయి తన మనిషి ఒకడి చేత చెరిపించాడు. శీలం పోయినదానికి ఆ పీఠం తగదని తోసేసి, తన బంధువుల అమ్మాయిని కూర్చోబెట్టడానికి. ఆడదాన్ని పదవి నుంచి దించాలంటే ఆమె ఒంటి మీద దెబ్బకొట్టడం ఎంత పాత అలవాటో చూశారా? చివరికి 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజులు మఠాలను రద్దు చేసినప్పుడు నిప్పు ఆరిపోయింది.

నిప్పు ఆరింది గానీ పండుగ ఆగలేదు. అది అప్పటికే ఇళ్ళలోకి చేరిపోయింది.

తుంగ శిలువ, గుమ్మం మీద గుడ్డ

ఫిబ్రవరి 1 ఐరిష్ పాత లెక్కలో వసంతానికి తొలిరోజు. ఇంబోల్క్ అంటారు. బయట చలి కొరుకుతూనే ఉంటుంది. కానీ గొర్రెలు పొదుగు చేస్తాయి, పాలు మళ్ళీ మొదలవుతాయి. చలికాలానికి దాచుకున్న తిండి సగమైపోయిన రోజుల్లో పాలూ వెన్నా కళ్ళబడటం ఎంత ధైర్యమో, పేదింటి ఇల్లాలికి చెప్పాలా?

పాతకాలంలో ముందు రోజు సాయంత్రం ఇంట్లో ఓ అమ్మాయి బయటికి వెళ్ళి, తుంగలాంటి పచ్చిరెల్లు కట్ట పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, మోకాళ్ళ మీద వంగండి, బ్రిజిడ్ వచ్చింది, లోపలికి రానివ్వండి అని కేకేసేది. లోపలివాళ్ళు రమ్మని మూడుసార్లు స్వాగతం చెప్పేవారు. ఆ పూట అమ్మాయే బ్రిజిడ్. తర్వాత భోజనం. ఉడికించి మెదిపిన బంగాళాదుంపలు, మధ్యలో గుంట చేసి అప్పుడే చిలికిన వెన్న. అది తిన్నాక ఆ రెల్లుతోనే అందరూ కూర్చుని శిలువలు అల్లేవారు. మధ్యలో చదరం, నాలుగు వైపులా నాలుగు చేతులు. చావుబతుకుల్లో ఉన్న ఓ అన్యమత నాయకుడి పక్కన కూర్చుని బ్రిజిడ్ నేల మీద పరిచిన రెల్లుతో శిలువ అల్లుతూ ధైర్యం చెప్పిందనీ, అదే మొదటి శిలువ అనీ చెబుతారు. నిప్పూ, ఆకలీ ఇంటి దరి చేరకుండా దాన్ని గుమ్మం లోపలి వైపు, పశువుల కొట్టంలో కడతారు. ఐర్లండ్ ప్రభుత్వ టెలివిజన్ 1960ల నుంచి 1990ల దాకా ఈ శిలువనే తన గుర్తుగా వాడుకుంది.

ఆ రాత్రి ఓ గుడ్డముక్కో, రిబ్బనో బయట పొద మీద వేసి ఉంచుతారు. రాత్రి అటుగా వెళ్ళే బ్రిజిడ్ దాన్ని తాకుతుందని నమ్మకం. ఏడాదంతా దాచుకుని తలనొప్పికి తలకు చుట్టుకుంటారు, గొంతునొప్పికి మెడకు వేసుకుంటారు. ఈనే ఆవు మీద కప్పుతారు. పురిటి నొప్పులు పడే ఆడదాని ఒంటి మీద వేస్తారు. బ్రిజిడ్ మేరీమాతకు మంత్రసానిగా నిలిచిందని జనం చెప్పుకునే కథ ఒకటి ఉంది మరి. పురిటాలైన మేరీ మొదటిసారి గుడికి వెళ్తూ అందరూ తననే చూస్తారని సిగ్గుపడుతుంటే, బ్రిజిడ్ తల మీద కొవ్వొత్తులు వెలిగించుకుని ముందు నడిచి జనం చూపు తనవైపు తిప్పుకుందట. అందుకే మేరీమాత కొవ్వొత్తుల పండుగ ఫిబ్రవరి 2న అయితే, దానికి ముందు రోజు బ్రిజిడ్‌కు ఇచ్చిందట.

గాల్వే వైపు గడ్డితో పెద్ద పేట పేని, వలయంలా పట్టుకుంటే ఇంటిల్లిపాదీ అందులోంచి దూరి వచ్చేవారు. ఏడాదంతా ఆరోగ్యమని. కెర్రీలో గడ్డిటోపీలతో ముఖాలు దాచుకుని, బ్రిజిడ్ బొమ్మను పట్టుకుని పాటలతో ఇంటింటికీ తిరుగుతారు. కొన్ని ఊళ్ళలో ఆ రోజు చక్రం తిరిగే పని ఏదీ చేసేవారు కాదు. రాట్నం కదిలేది కాదు, బండి కట్టేవారు కాదు. ఆడవాళ్ళకు ఆ ఒక్క రోజన్నా రాట్నం నుంచి సెలవు! ఫాహర్ట్‌లో, కిల్డేర్‌లో, క్లేర్ కౌంటీలోని లిస్కానర్‌లో ఆమె పేరిట ఊటబావులున్నాయి. బావి చుట్టూ తిరిగి మొక్కుకుని, పక్క చెట్టుకు గుడ్డపీలిక కట్టి వస్తారు.

మా అమ్మాయికి నెలలు నిండాయని తెలిసి పక్కింటి పెద్దావిడ ఓ రోజు తెల్లటి గుడ్డముక్క తెచ్చి ఇచ్చింది. అంతకుముందు ఫిబ్రవరిలో పొద మీద వేసి ఉంచిందట. మీకు నమ్మకం లేకపోయినా ఫరవాలేదు, సంచిలో పెట్టుకోండి చాలంది. మీకు నమ్మకం ఉందా అని అడిగాను. చర్చికి వెళ్ళడం మానేసి ఇరవై ఏళ్ళయింది, కానీ గుడ్డ మాత్రం ఏటా వేస్తానంది. ఆస్పత్రి సంచిలో మా ఆంజనేయస్వామి దారం పక్కన ఆ గుడ్డ పెట్టాను. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారు. పెద్ద మనవడు స్కూల్లో అల్లి తెచ్చిన శిలువ, మామిడాకుల తోరణానికి పైన ఇప్పటికీ ఉంది.

ఆ పేరు పెట్టుకోవడానికి సిగ్గుపడిన రోజులు

ఈ పండుగ మీద అక్కడివాళ్ళ మనసులో ఉన్నదంతా భక్తే అనుకుంటే పొరపాటు. బాధా, కోపం కూడా ఉన్నాయి.

ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఓ బ్రిజిడ్ ఉండేది. 1845లో మొదలైన కరువు తర్వాత పెళ్ళికాని ఐరిష్ అమ్మాయిలు వేలల్లో అమెరికా వెళ్ళి ఇళ్ళలో పనికి కుదిరారు. వాళ్ళలో బ్రిజిట్‌లు ఎంతమందంటే, పనిమనిషిని ఎగతాళి చేయడానికి ఆ పేరే మాటగా మారిపోయింది. వెక్కిరించడానికి బిడ్డీ అనేవారు. పేరు మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. మా పక్కింటి పెద్దావిడకూ ఈ పుణ్యస్త్రీ పేరే పెట్టారు. వయసులో ఉండగా ఇంగ్లండ్‌లో ఉద్యోగానికి వెళ్ళి, అక్కడ ఆ పేరు ఎవరికీ చెప్పలేదట. నలభై ఏళ్ళు దాటాక మళ్ళీ సొంత పేరుతో పిలిపించుకోవడం మొదలుపెట్టానని చెప్పింది.

ఇంకోటి అంతకన్నా పెద్ద గాయం. బ్రిజిడ్ పెళ్ళి కాని తల్లికి పుట్టిన పిల్ల కదా. ఆమెను కొలిచిన దేశమే 20వ శతాబ్దంలో పెళ్ళి కాకుండా తల్లులైన అమ్మాయిలను ఇంట్లోంచి గెంటి, శరణాలయాల్లో దాచింది. వాటిలో చాలా వాటిని నడిపింది సన్యాసినులే. 1922 నుంచి 1998 దాకా నడిచిన అలాంటి 18 సంస్థల మీద ప్రభుత్వ విచారణ సంఘం 2021 జనవరిలో నివేదిక ఇచ్చింది. 56,000 మంది తల్లులు, 57,000 మంది పిల్లలు. ఆ పిల్లల్లో సుమారు 9,000 మంది చనిపోయారు. ప్రధానమంత్రి దేశం తరఫున క్షమాపణ చెప్పారు.

కోగిటోసస్ రాసిన చరిత్రలో ఓ చిన్న కథ ఉంది. బ్రహ్మచర్య వ్రతం పట్టిన ఓ అమ్మాయి గర్భవతై భయపడుతూ బ్రిజిడ్ దగ్గరికి వస్తుంది. బ్రిజిడ్ తిట్టలేదు, గెంటలేదు, నలుగురికీ చెప్పలేదు. దీవించింది. నొప్పీ, ప్రసవం లేకుండానే ఆ గర్భం మాయమైందట. తర్వాతి రోజుల్లో ఈ కథ చెప్పడానికి చాలామంది మొహమాటపడ్డారు. ఇప్పటి ఐరిష్ ఆడవాళ్ళు దాన్ని మళ్ళీ బయటికి తీశారు. తప్పు చేసిందని లోకమనే పిల్లకు ఆ ఇంటి తలుపు తెరిచే ఉందని, వందల ఏళ్ళ తర్వాత తలుపులు మూసింది ఆమె పేరు చెప్పుకున్నవాళ్ళేనని వాళ్ళ బాధ.

మళ్ళీ వెలిగిన నిప్పు

1993లో కిల్డేర్ మార్కెట్ కూడలిలో ఆ నిప్పును తిరిగి వెలిగించింది బ్రిజిడైన్ సిస్టర్స్ అనే కన్యాస్త్రీల సంఘం. 1807లో మొదలైన సంఘం అది. అప్పటినుంచీ దాన్ని ఆరనీయకుండా కాస్తున్నారు. 2006లో అదే కూడలిలో శాశ్వత జ్యోతి స్తంభాన్ని అప్పటి అధ్యక్షురాలు మేరీ మెకాలీస్ వెలిగించారు.

తర్వాత సెలవు కోసం ఉద్యమం మొదలైంది. హర్‌స్టోరీ అనే మహిళా బృందం కొన్నేళ్ళపాటు గట్టిగా అడిగింది. కరోనాలో పనిచేసినవాళ్ళకు కృతజ్ఞతగా, పోయినవాళ్ళ స్మృతిగా ఓ కొత్త సెలవు ఇవ్వాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు 2022 జనవరిలో బ్రిజిడ్ పేరు ఖాయమైంది. మొదటి సెలవు 2023 ఫిబ్రవరి 6న వచ్చింది. మరుసటి ఏడు, ఆమె పోయి 1,500 ఏళ్ళయిన సందర్భంగా, ఆమెదని నమ్మే ఓ చిన్న అస్థికను 2024 జనవరిలో ఊరేగింపుగా కిల్డేర్‌కు తీసుకొచ్చారు.

ఇప్పుడు ఆ వారమంతా పాటలు, ఉపన్యాసాలు, దీపాలు, శిలువలు అల్లడం నేర్పే తరగతులు. భక్తులు పూజకు వెళ్తారు. మరికొందరు ఈమె సన్యాసిని కాదు, అంతకు ముందున్న దేవత అంటారు. క్రైస్తవానికి ముందు ఐరిష్ వాళ్ళకు బ్రిజిడ్ అనే దేవత ఉన్న మాట నిజమే. కవిత్వానికీ, వైద్యానికీ, కమ్మరి పనికీ ఆ పేరుతో ముగ్గురు అక్కచెల్లెళ్ళని 900 ప్రాంతపు ఓ పాత నిఘంటువు చెబుతుంది. దేవతే సన్యాసిని అయిందా, సన్యాసినికి దేవత గుణాలు అంటాయా అని పండితులు తేల్చుకోలేదు. కొందరికి ఇవేవీ పట్టవు, మూడు రోజుల సెలవు దొరికింది, అంతే. సెలవు పేరుతో అమ్మకాలు పెరిగి అసలు సంగతి పోతుందేమోనని దిగులుపడేవాళ్ళూ ఉన్నారు. మన పండుగల సంగతీ మనకు తెలుసుగా!

నాకు మాత్రం ఈమెలో మనసుకు హత్తుకున్నది మహిమలు కాదు. తల్లి చాకిరీ తను చేసింది. అమ్మబోతే తలొంచలేదు. వద్దన్న పెళ్ళి వద్దనే అంది. తనకంటూ ఓ చోటు సంపాదించుకుని, అందులో ఇంకెందరినో ఉండనిచ్చింది. ఈ నాలుగు సంగతులూ చేయడానికి ఇవాళ్టికీ ఎంత ధైర్యం కావాలో మనలో చాలామందికి అనుభవమే.

ఐర్లండ్ పల్లెల్లో పాత శిలువను తీసి పారేసేవారు కాదు. ఏటేటా అల్లిన కొత్త శిలువను పాతవాటి పక్కనే, ఇంటి కప్పు గడ్డిలో గుచ్చేవారు. పొగచూరి నల్లబడిన ఆ శిలువల్ని లెక్కపెడితే ఆ ఇంట్లో పొయ్యి ఎన్నేళ్ళుగా వెలుగుతోందో తెలిసేది. ఆ లెక్కంతా ఆ ఇంటి ఆడవాళ్ళు, ఏ సర్కారూ సెలవు ఇవ్వని రోజుల్లో, ఓ రాత్రి కూర్చుని రెల్లుతో రాసిపెట్టిందే.